పిల్లిబొమ్మ ఆదివారాలు

మా చిన్నాన్న పోయాడన్న కబురు నాకు రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. విశాఖపట్నంలో మా ఇంటికి ఫోను చేసింది ఎవరో పొరుగింటి ఆడమనిషి. "అప్పన్న తాత పోనాడమ్మా. మొన్న మంగళవారం. మీ నెంబరు రాసిన కాగితం ఇప్పుడే దొరికినాది. పదో రోజుకి రమ్మని మా పైడితల్లి పిన్ని సెప్పమన్నాది" అని గబగబా చెప్పి పెట్టేసింది. వంటింట్లో కుక్కరు కూత పెడుతోంది. నేను వెళ్లి మంట తగ్గించాను, వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. చాలా ఏళ్లుగా వెళ్లి చూడని మనిషి పోతే ముందు సిగ్గు వస్తుంది. ఏడుపు తీరిగ్గా, ఏ కూర తరుగుతున్నప్పుడో వస్తుంది. ఆ సాయంత్రమంతా నేను నరసన్నపేటలో, మా పాత ఇంటి అరుగు మీద, తొమ్మిదేళ్ల పిల్లనై కూర్చుని ఉన్నాను.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాన్న ఖుర్దారోడ్డులో రైల్వే పని. రెండు నెలలకోసారి వచ్చి, రెండు పూటలు తిని, నా తల నిమిరి వెళ్లిపోయేవాడు. ఇంట్లో మిగిలింది మామ్మ, చిన్నాన్న, నేను. మామ్మ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లోకి పెట్టుకుని, పెదాలు బిగించి పనులు చేసుకుపోయేది. చోడి అంబలి కాచేటప్పుడూ అంతే, వడ్లు దంచేటప్పుడూ అంతే. నిప్పు నోట్లో ఉన్న మనిషి ఏం మాట్లాడుతుంది? చుట్ట ఆరినప్పుడు మాత్రం "ఒలే గుంటా, కోళ్లని మూసినావా?" అని ఒక ముక్క అడిగేది, మళ్లీ వెలిగించుకునేది. ఇక చిన్నాన్నకి పుట్టుకతోనే చెవుడు, కాబట్టి మాట కూడా లేదు. ఊళ్లో అందరికీ మూగప్పన్న. అలా మా ఇంట్లో రోజుకి పది మాటలు వినిపిస్తే ఎక్కువ. బడి నుంచి వచ్చాక చెప్పుకోవడానికి నా దగ్గర బోలెడు ఉండేవి, వినేవాళ్లే లేరు. పెరట్లో బూడిద గుమ్మడి పాదు దగ్గర కూర్చుని దానికి చెప్పేదాన్ని.

చిన్నాన్నకి అప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. పొడుగు మనిషి, పెద్ద చేతులు. మాకున్న రెండు మడుల్లో వరి, మెట్ట చెక్కలో గోగు పండించేవాడు. గోగు కోసి కట్టలు కట్టి, ఊరి వెనక మడుగులో మురగబెట్టి, మెత్తబడ్డాక మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార తీసేవాడు. ఆ రోజుల్లో ఆయన దగ్గర కుళ్లిన గోగు వాసన వచ్చేది. సబ్బుతో రుద్దినా, సున్నిపిండితో రుద్దినా పోయేది కాదు. నాకు ఆ వాసన అసహ్యమనిపించేది కాదు. అది వచ్చిందంటే ఇంట్లోకి ఒక మనిషి వచ్చినట్టు.

నేనూ ఆయనా చేతులతో మాట్లాడుకునేవాళ్లం. ఆకలి, వాన, ఆవు, నాన్న వస్తున్నాడు, ఇలాంటివి చెప్పుకోవడానికి మాకు గుర్తులుండేవి. అంతకు మించిన సంగతి చెప్పాలంటే చేతులు చాలేవి కావు. పక్కింటివాళ్లు సినిమాకి వెళుతూ నన్ను తీసుకెళ్లినప్పుడు, తిరిగొచ్చి ఆ కథంతా చిన్నాన్నకి చెప్పాలని చూసేదాన్ని. ఒక రాజు, ఆయనకి శాపం, ఆ శాపానికి కారణం ఇంకో జన్మలో ఇంకో రాజు. శాపాన్ని వేళ్లతో ఎలా చూపిస్తారు? చిన్నాన్న ఓపికగా చూసేవాడు. కాసేపటికి ఆ చూపు నా చేతుల మీది నుంచి జారి ఆవు మీదికి పోయేది. నాకు ఏడుపొచ్చేది. నా భుజం తట్టి, గడ్డి వెయ్యడానికి లేచేవాడు.

అలాంటి రోజుల్లో మా ఊరి హాల్లోకి పిల్లిబొమ్మ వచ్చింది. హాలంటే రేకుల షెడ్డు. ముందర ఇసక పోసిన నేల, వెనక బెంచీలు, చివర నాలుగు కుర్చీలు. అసలు సినిమాకి ముందు ప్రభుత్వం వారి వార్తల రీలు ఒకటి వేసేవారు, ఆనకట్టలూ వరదలూ. ఒక ఆదివారం మ్యాట్నీలో దాని తర్వాత, ఎవరూ చెప్పకుండా, తెర మీదికి రంగుల్లో ఒక బూడిదరంగు లావు పిల్లి వచ్చింది. మనిషిలా రెండు కాళ్ల మీద నడుస్తోంది. దాని ముందు ఒక ఎలుక. ఏడెనిమిది నిమిషాలు ఆ పిల్లి ఆ ఎలుకని తరిమింది, అంతే కథ. ఏ రీళ్ల డబ్బాతో కలిసి వచ్చిందో, ఏ దేశానిదో ఎవరికీ తెలియదు. ఎవరూ వెనక్కి అడగలేదు కాబట్టి హాలువాళ్లు కొన్ని నెలలపాటు ప్రతి ఆటకీ ముందు దాన్నే వేశారు.

ఆ బొమ్మలో ఏముందని ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నావని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగేది కొంచెమే. పిల్లి మీద పెద్ద బండరాయి పడుతుంది. పిల్లి అప్పడంలా పలచబడి నేలకి అంటుకుపోతుంది. తర్వాత ఒక మూల నుంచి తనని తానే ఒలుచుకుని, ఒకసారి విదిలించుకుని, మళ్లీ పిల్లి అయిపోతుంది. ఇంటి కప్పు మీద పరుగెత్తుతూ పరుగెత్తుతూ కప్పు దాటిపోతుంది, గాలిలో కూడా పరుగెత్తుతుంది. కిందికి చూసుకున్నప్పుడు మాత్రమే పడుతుంది. పడి మళ్లీ లేస్తుంది. మా ఇంట్లో గోడ మీద పటంలో అమ్మ ఉండేది. పడి లేవని మనిషి అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. అందుకేనేమో, ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు లేచే ఆ పిల్లిని చూస్తుంటే నవ్వుతో పాటు నాకు గుండెల్లో ఏదో తేలికయ్యేది. అందులో ఎవరికీ శాపం లేదు, పాట లేదు, నీతి లేదు. ఒక్క మాట కూడా లేదు.

మాట లేదన్న సంగతి నాకు ఇంటికి వచ్చి చిన్నాన్న ముందు కూర్చున్నాకే తట్టింది. చేతులు రెండూ చెవుల్లా పెట్టి పిల్లినయ్యాను, ముక్కు ముడిచి ఎలుకనయ్యాను. అరుగు మీద నుంచి గాలిలోకి పరుగెత్తి, కిందికి చూసి, దబ్బున పడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది. చిన్నాన్న ఆవుని వదిలేసి వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు. అయిపోయాక చూపుడు వేలు గుండ్రంగా తిప్పాడు. మళ్లీ. నేను మళ్లీ పడ్డాను. నా తొమ్మిదేళ్ల బతుకులో ఒక మనిషి నా మాట మళ్లీ చెప్పమని అడగడం అదే మొదలు.

మామ్మని అడిగాను, చిన్నాన్నని కూడా సినిమాకి తీసుకెళతానని. మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఆడికేటి ఇనపడతాదని?"

"వినక్కర్లేదు మామ్మా. పిల్లి ఉంటాది, ఎలక ఉంటాది. సూడ్డమే."

"వొద్దు. ఆడి సంగతి నీకు తెల్దు. నలుగురున్న కాడికెల్తే ఆడ్ని సూసి నవ్వుతారు. ఇంటికాడుంటే మన మూగోడు, బైటికెల్తే ఊరి మూగోడు."

అని చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. అంటే మాట అయిపోయిందని.

కానీ ఆదివారం మధ్యాహ్నాలు మామ్మ పక్క ఊరి సంతకి వెళ్లేది. మేము వెళ్లాం. హాలు గేటు దగ్గర ఉండే నూకరాజు మావ మమ్మల్ని ఎగాదిగా చూశాడు. పిల్లిబొమ్మ ఒక్కటే చూసి వచ్చేస్తామని చెప్పాను. "అసలు బొమ్మ సూడరేటి? ఇదేటి సిత్రమే!" అని నవ్వి, "ఎల్లండి ఎల్లండి, గోడవార కూసోండి" అని పంపించాడు. నేల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాం. వార్తల రీలు నడుస్తున్నంతసేపూ చిన్నాన్న తెరని కాక, వెనక రంధ్రంలోంచి వచ్చే వెలుతురు గొట్టాన్ని, అందులో తేలుతున్న చుట్టపొగని చూస్తూ కూర్చున్నాడు. పిల్లి వచ్చింది. రాయి పడింది. అప్పుడు నా పక్క నుంచి ఒక శబ్దం వచ్చింది. ముందు దూడ అరిచినట్టు సన్నగా, తర్వాత కడుపులోంచి దొర్లుకుంటూ, మధ్యలో ఊపిరి అందక తెగి, మళ్లీ మొదలయ్యే శబ్దం. అది చిన్నాన్న నవ్వని నాకు వెంటనే తెలియలేదు. అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. హాలంతా పిల్లల కేకలతో హోరెత్తిపోతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆయన నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని నొక్కుతున్నాడు, ఎముకలు నొప్పి పుట్టేలా.

అలా ఎన్ని ఆదివారాలు వెళ్లామో లెక్క లేదు. నాకు కనపడనివి ఆయనకి కనపడేవి. రాయి పడకముందు దాని నీడ పిల్లి కాళ్ల దగ్గర మొదలై పెద్దదవుతుందని ఆయనే చూపించాడు. ఎలుక తప్పించుకున్న ప్రతిసారీ వెనక్కి తిరిగి పిల్లి వస్తోందో లేదో చూస్తుందని, రాకపోతే దానికి దిగులని, ముఖం వేలాడేసి చూపించాడు. నిజమే. ఎలుకకి కూడా ఆ పిల్లి తప్ప ఎవరూ లేరు. ఇంటికొచ్చాక మేమిద్దరం పెరట్లో ఆ ఆట మొత్తం ఆడేవాళ్లం. ఆయన పిల్లి, నేను ఎలుక. అంత పెద్ద మనిషి నేలకి అప్పడంలా అంటుకుపోయి, ఒక మూల నుంచి ఒలుచుకుంటూ లేస్తుంటే కోళ్లు బెదిరి పారిపోయేవి. ఆ కొన్నాళ్లు నేను గుమ్మడి పాదుతో మాట్లాడలేదు.

ఒక ఆదివారం మా తరగతి వరలక్ష్మి కూడా హాలుకి వచ్చింది, ఇంకో ఇద్దరితో. వరలక్ష్మి వాళ్లది బంగారం కొట్టు. జడకి కుప్పెలు పెట్టుకుని వచ్చేది. ఆ సంవత్సరమంతా నేను ఆమె పక్కన కూర్చోవాలని ఎంత ఆశపడ్డానో చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు తనే "రవణా, ఇలా రావే" అని పిలిచి చోటిచ్చింది. నాకు ఒక పక్క వరలక్ష్మి, ఇంకో పక్క చిన్నాన్న. అది గోగు మురిగే కాలం. వరలక్ష్మి ముక్కు మూసుకుని "ఏటే ఈ కంపు?" అంది. నాకు తెలియదన్నాను.

పిల్లిబొమ్మ మొదలైంది. అప్పటికి అది ఊళ్లో అందరికీ పాతబడిపోయింది. పిల్లలు కూడా కేకలు వెయ్యడం మానేశారు. ఎవరి మాటల్లో వాళ్లున్నారు. రాయి పడింది. ఆ సద్దుమణిగిన హాల్లో చిన్నాన్న నవ్వు ఒక్కటే లేచింది. దూడ అరుపులా మొదలై, దొర్లుకుంటూ, తెగుతూ. ముందు వరస తలలన్నీ తిరిగాయి. వెనక బెంచీల నుంచి ఎవరో ఆ నవ్వుని అనుకరించారు. హాలంతా గొల్లుమంది. చిన్నాన్నకి వినపడదు కదా. అందరి ముఖాలూ నవ్వుతూ కనిపించాయి. పిల్లిని చూసి అందరూ తనతో పాటే నవ్వుతున్నారనుకున్నాడు. సంతోషం పట్టలేక ఇంకా పెద్దగా నవ్వాడు, అటూ ఇటూ తిరిగి తెర వైపు వేలు చూపిస్తూ. బెంచీలవాళ్లు మళ్లీ అనుకరించారు.

వరలక్ష్మి నా చెవిలో అడిగింది. "ఎవరే ఈ మూగోడు? మీ వోడేనా?"

నేను చిన్నాన్న నోటి మీద చెయ్యి వేసి నొక్కాను.

అరచేతికి వేడి ఊపిరి తగిలింది, తర్వాత ఆగిపోయింది. ఆయన నా ముఖం చూశాడు. హాల్లో ఉన్న అంతమంది వైపు కాదు, నా వైపే. నా ముఖంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. తర్వాత మెల్లగా తల తిప్పి, ముందు వరసని, వెనక బెంచీలని, అనుకరిస్తున్నవాడి నోటిని చూశాడు. నా చెయ్యి తీసి నా ఒళ్లో పెట్టాడు, నొప్పి పుట్టకుండా. లేచి, జనం కాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయాడు. గేటు దగ్గర నూకరాజు మావ "అదేటి, పిల్లి ఇంకా సెరువులో పడనేదు గదా!" అనడం వినపడింది. నేను లేవలేదు. వరలక్ష్మి పక్కనే కూర్చుని అసలు సినిమా మొత్తం చూశాను. అందులో ఒక్క ముక్క కూడా నాకు గుర్తు లేదు.

ఇంటికి వెళ్లేసరికి చిన్నాన్న పశువుల పాకలో ఉన్నాడు. నేను వెళ్లి పిల్లిలా చెవులు పెట్టాను. తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఆయన నా ముందు నవ్వినప్పుడు పళ్లు కనిపించేవి, భుజాలు కదిలేవి, శబ్దం మాత్రం వచ్చేది కాదు. ఎక్కడ పుడుతుందో తనకి తెలియని ఆ శబ్దాన్ని ఎలా పట్టుకుని ఆపాడో! కొన్నాళ్లకి పిల్లిబొమ్మ కూడా ఊరు విడిచి వెళ్లిపోయింది. వరలక్ష్మి ఇంకో నెల నా పక్కన కూర్చుంది, తర్వాత మానేసింది.

మరుసటేడు నార కొనడానికి వచ్చిన వ్యాపారి చిన్నాన్న పనితనం చూసి, విజయనగరం దగ్గర జూట్ మిల్లులో పనికి పెట్టిస్తానన్నాడు. మామ్మ ఒప్పుకోదనుకున్నాను. ఆమె నోట్లోంచి చుట్ట తీసి, "ఎల్లనీ. ఈడ ఆడికేటున్నాది?" అంది. బస్సెక్కేముందు చిన్నాన్న నా తల నిమిరాడు, నాన్న నిమిరినట్టే. ఇంట్లో రోజుకి పది మాటలు అయిదయ్యాయి.

నేను విజయనగరంలో కాలేజీలో చేరాక, ఒకసారి మా తరగతి అమ్మాయిలందరినీ మిల్లు చూడటానికి తీసుకెళ్లారు. అది మా చిన్నాన్న మిల్లే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మగ్గాల హాల్లోకి అడుగు పెట్టగానే చెవులు దిమ్మెక్కిపోయాయి. వందల మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అక్కడ పనివాళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. దారం తెగింది, మేస్త్రీ వస్తున్నాడు, టీకి వెళదాం, అన్నీ వేళ్లతోనే. ఆ వరసల మధ్య దూరంగా చిన్నాన్న కనిపించాడు. చెవుల్లా రెండు చేతులు పెట్టుకుని, ఎదురు మగ్గంవాడికి ఏదో చూపిస్తున్నాడు. గాలిలో పరుగెత్తి, కిందికి చూశాడు. చుట్టూ నలుగురైదుగురు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. చిన్నాన్న నోరు బాగా తెరిచి ఉంది. శబ్దం వచ్చిందో లేదో ఆ హోరులో నాకు తెలియలేదు.

ఆయన నన్ను చూశాడు. నా పక్కనున్న అమ్మాయిలని కూడా చూశాడు. వెంటనే తల తిప్పుకుని మగ్గం మీదికి వంగాడు, నన్ను ఎప్పుడూ చూడనివాడిలా. నేను ఆగిపోయి "మా చిన్నాన్న" అన్నాను. పైకే అన్నాను. ఎవరికీ వినపడలేదు. బయటికి వచ్చాక పక్కమ్మాయి "లోపల ఏదో అన్నావు, ఏమిటే?" అని అడిగింది. ఏం లేదన్నాను.

తర్వాత నా పెళ్లి, నా పిల్లలు, నా ఊళ్లు. మామ్మ పోయినప్పుడు, నాన్న పోయినప్పుడు ఆయన్ని చూశాను. మిల్లులో పనిచేసే పైడితల్లిని పెళ్లి చేసుకున్నాడని తెలిసి చీర పంపించాను. అంతే.

పదో రోజుకి వెళ్లాను. మిల్లు ఎప్పుడో మూతపడింది, పనివాళ్ల ఇళ్లు మాత్రం అలాగే వరసగా ఉన్నాయి. చిన్నాన్నకీ పైడితల్లి పిన్నికీ పిల్లలు లేరు, అయినా ఇంటి నిండా ఆ సందు పిల్లలే. భోజనాలయ్యాక పైడితల్లి పిన్ని నా పక్కన చతికిలబడింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మగ్గాల మధ్య బతికినవాళ్లందరిదీ అంతే.

"పొద్దోయే యేలకి ఈ గుంటలంతా ఈడే ఉండేవోరు," అంది. "టీవీలో ఆ పిల్లీ ఎలకా బొమ్మలొస్తాయి సూడు, అవి ఎట్టుకుని కూకునేవోడు మీ సిన్నాన్న. ఆయన నవ్వు సూసి మాకు నవ్వాగేది కాదు. నాను ఆ నవ్వు సూసే మనువాడినాను."

"నవ్వేవాడా? పైకి?" అన్నాను.

"పైకా! సందు సివర కిల్లీ కొట్టోడికి ఇనపడీది. నీకు తెల్దేటి? ఆ బొమ్మలు మొదట సూపించింది నువ్వే గదా. నీ పొటో సూపించి సెప్పేవోడు."

"ఇంకేమైనా చెప్పాడా?"

"ఇంకేటున్నాది సెప్పడానికి?"

అప్పుడు చెప్పాను. హాలు, వరలక్ష్మి, నోటి మీద చెయ్యి, అంతా. మిల్లులో ఎవరికీ వినపడని మాట కూడా. ఇన్నేళ్లలో మా వారికి కూడా చెప్పని సంగతి, ఆమెకి చెప్పాను. పైడితల్లి పిన్ని పూర్తయ్యేదాకా విన్నది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సిన్నగుంటవి. సిగ్గేసి నోరు మూసీసినావు. దానికేటవుతాది?" అంది. "పెద్దయ్యాక ఒక్కపాలి వొచ్చి పక్కన కూకుంటే నీ కాడా నవ్వీవోడు. రానేదు నువ్వు. అదీ తప్పు."

ఆమె లేచి వెళ్లి నాకు ఇంకాస్త పాయసం తెచ్చి పెట్టింది.

ఇక్కడ విశాఖపట్నంలో, మా అపార్టుమెంటులో పిల్లలకి ఎవరి ఫోను వాళ్లకుంది, ఎవరి చెవుల్లో వాళ్లకి తీగలున్నాయి. లిఫ్టులో నా పక్కన నిలబడి ఒక్కడే హఠాత్తుగా నవ్వుతాడు ఒక పిల్లాడు, ఎందుకో నాకు తెలియదు, అడిగితే చెప్పడు. ఎవరూ ఎవరి నోరూ మూయనక్కర్లేదు. మంచిదో చెడ్డదో నాకు తెలియదు. ఆ కాలంలో హాలు నిండా జనం ఉన్నా మా చిన్నాన్న ఒంటరి అయ్యాడు. అలా చేసింది ఆ జనం మాత్రమే కాదు.

ఆ పదో రోజున పైడితల్లి పిన్ని ఇంటి నుంచి నేను బయల్దేరుతుంటే పిల్లలు టీవీ పెట్టమని గొడవ చేశారు. పదో రోజున ఏమిటా టీవీ అని ఎవరో పెద్దాయన కసిరాడు. "ఎట్టండి, ఆయనకదే ఇష్టం" అంది పైడితల్లి పిన్ని. నేను చెప్పులు వేసుకుంటుంటే లోపల పిల్లలంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. సందు చివర కిళ్లీ కొట్టు దాకా నడిచి, అక్కడ ఆగి చెవి ఒగ్గి విన్నాను. పదిమంది పిల్లలు నవ్వుతున్నారు. అందరి నవ్వూ కలిసినా, ఆయన నవ్వులా అక్కడిదాకా వినపడలేదు.